షుగర్ బోర్డర్‌లో ఉంది. ఏ లక్ష్యం పెట్టుకుంటే నిలబడుతుంది?

బ్రాడీపేట_42
నాకు 42 ఏళ్లు, బరువు 84 కిలోలు. డిసెంబర్‌లో రక్త పరీక్ష చేయిస్తే హెచ్‌బిఎ1సి, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే అంకె, 6.1 శాతం వచ్చింది. "ఇంకా షుగర్ రాలేదు, గుమ్మం దాకా వచ్చింది. ఒక ఆరు కిలోలు తగ్గండి, మందులు అప్పుడే వద్దు" అన్నారు డాక్టర్ గారు. మా నాన్నకి షుగర్ వల్ల రెండు కాలి వేళ్లు తీసేశారు. ఆ కట్టు రోజూ నేనే మార్చేవాణ్ణి. అందుకే రిపోర్టు చూడగానే చేతులు చల్లబడ్డాయి.

జనవరి 1న అన్నీ ఒకేసారి మొదలుపెట్టాను. ఐదింటికి లేవడం, పది వేల అడుగులు, అన్నం బంద్, జిమ్‌కి ఏడాది ఫీజు. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక అందులో ఒక్కటీ మళ్లీ మొదలవలేదు. మీలో ఎవరైనా ఏడాది పాటు నిలబెట్టుకున్న లక్ష్యం ఉందా? మీకు జరిగింది చెప్పండి.

ఓరుగల్లు_పద్మ
తమ్ముడూ, నాకు 54. బరువు తగ్గాలని పదేళ్లలో ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. తగ్గితే ఏమవుతుందో మనసుకు తెలియకపోతే ఆ అంకె మనల్ని పొద్దున్నే లేపదు. రెండేళ్ల కింద మా అమ్మ "నువ్వు పుట్టాక మొక్కుకున్న, నడిచి కొండెక్కుతనని. నాతోని కాలేదు, నువ్వైనా ఎక్కు" అన్నది. ఆ మాటే నా లక్ష్యమైంది.

అలిపిరి దారి తొమ్మిది కిలోమీటర్లు, మెట్లు 3,550 వరకు ఉంటాయి. అప్పుడు నాకు రెండో అంతస్తుకే ఆయాసం. అపార్ట్‌మెంట్‌లో మెట్లు లెక్కపెట్టుకున్నాను, అంతస్తుకు 20. మొదటి నెల రోజుకు మూడు అంతస్తులు, అంతే. తర్వాత నెలకు రెండు మూడు పెంచుకుంటూ పోయాను. దిగేటప్పుడే మోకాళ్ల మీద భారం ఎక్కువ పడుతుంది కాబట్టి లిఫ్ట్‌లో దిగేదాన్ని. నాలుగో నెలలో చికున్‌గున్యా వచ్చి ఆరు వారాలు మంచం మీదున్నాను. లేచాక పాత లెక్క దగ్గర కాకుండా మళ్లీ మూడు అంతస్తుల నుంచే మొదలుపెట్టాను. అప్పుడు అలా తగ్గించుకోకపోతే అక్కడే మానేసేదాన్ని.

మొత్తం పదకొండు నెలలు పట్టింది. కొండెక్కడానికి ఆరు గంటలు. మోకాళ్ల పర్వతం దగ్గర కూర్చుని ఏడ్చాను. బరువు తగ్గింది మూడు కిలోలే, కానీ ఇప్పటికీ మెట్లు మానలేదు.

ల్యాబ్_ఉద్యోగి
నేను రక్త పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. రెండు మూడు విషయాలు చెప్పాలనిపించింది.

హెచ్‌బిఎ1సి 5.7 నుంచి 6.4 వరకు ఉంటే బోర్డర్, 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే షుగర్ అంటారు. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి ఈ పరీక్ష రెండు మూడు నెలల సగటు చూపిస్తుంది. చాలామంది పదిహేను రోజులు పథ్యం చేసి పరీక్షకు వస్తారు. అంకె కదల్లేదని దిగులుగా వెళ్లిపోతారు. వాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మూడు నెలలు ఆగి చేయించుకోండి. రక్తహీనత ఉంటే అంకె తేడాగా రావచ్చు, అది కూడా డాక్టర్‌కి చెప్పండి.

మీకు ఆరు కిలోలు ఎందుకన్నారో కూడా చెబుతాను. అమెరికాలో మీలాగే బోర్డర్‌లో ఉన్న మూడు వేల మందికి పైగా మనుషుల మీద పెద్ద అధ్యయనం చేసి 2002లో ఫలితాలు వేశారు. బరువులో 7 శాతం తగ్గాలి, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలి, ఇవే అందులో పెట్టిన లక్ష్యాలు. ఆ పద్ధతిలో ఉన్నవాళ్లలో షుగర్ రావడం, ఏ మార్పూ లేనివాళ్లతో పోలిస్తే 58 శాతం తగ్గింది. 84లో 7 శాతం అంటే దాదాపు ఆరు కిలోలే. పది వేల అడుగుల సంగతంటారా, అది 1965లో జపాన్‌లో అమ్మిన అడుగుల మీటరు పేరు నుంచి వచ్చింది. వైద్యులు కట్టిన లెక్క కాదు.

రాత్రి_డ్యూటీ
హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ నాది. పొద్దున వాకింగ్ నాకు కుదరని పని. అందుకే తిన్న ప్రతిసారీ పది నిమిషాలు నడవడం ఒక్కటే పెట్టుకున్నాను, ఆఫీసులో అయితే పార్కింగ్‌లో. అన్నం మానలేదు. ముందు కూర, పప్పు తిని, చివర్లో కొంచెం అన్నం పెట్టుకుంటాను. కడుపు అప్పటికే సగం నిండి ఉంటుంది. ఏడాదిన్నరగా నడుస్తోంది.

నలుగురి_వంట
మగవాళ్లు తమ లక్ష్యం తాము పెట్టుకుంటారు, వండే మనిషిని మాత్రం అడగరు. బ్రాడీపేట గారూ, మీ ఆవిడతో కూర్చుని మాట్లాడారా?

మా ఇంట్లో ఆయనకి, మా అత్తయ్యకి బీపీ. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గిన్నెలో వేసే ఉప్పును ఎవరు తూస్తారు? అందుకే ప్యాకెట్ విప్పిన రోజే దాని మీద పెన్నుతో తేదీ రాయడం మొదలుపెట్టాను. నలుగురికి కిలో ప్యాకెట్ 25 రోజుల్లో అయిపోయింది. అంటే ఒక్కొక్కరికి 10 గ్రాములు! 50 రోజులు రావాలి. ఆవకాయ, అప్పడాలు ఈ లెక్కలో లేనే లేవు. అత్తయ్యకి ఆ తేదీలు చూపించాను. ఆవిడే మజ్జిగలో ఉప్పు మానేశారు. ఇప్పుడు ప్యాకెట్ 38 రోజులు వస్తోంది. సైంధవ లవణం వాడమని సలహా ఇచ్చేవాళ్లకి ఒక మాట, అందులోనూ సోడియమే ఉంటుంది.

బ్రాడీపేట_42
అందరికీ నమస్కారం. వంట గారూ, మీ మాట నిజం. అన్నం బంద్ అని ప్రకటించానే గానీ ఆవిడ ఏం వండాలో ఆలోచించలేదు. నిన్న రాత్రి ఇద్దరం కూర్చున్నాం. ఇకపై కూర రెట్టింపు చేస్తానంది, తరగడం నా పని.

ఇంకొకటి తట్టింది. మా అమ్మాయికి వారానికి మూడు రోజులు కరాటే క్లాసు, 50 నిమిషాలు. అంతసేపూ నేను బయట కారులో ఫోన్ చూస్తూ కూర్చుంటాను. మూడు యాభైలు నూట యాభై. క్లాసు పక్కనే గ్రౌండ్ ఉంది. ఐదింటికి లేవడం, జిమ్ వదిలేస్తున్నాను. పరీక్ష మూడు నెలల తర్వాత చేయిస్తాను. పాప బ్లాక్ బెల్ట్ కట్టుకునే రోజున నా కాళ్ల మీద నిలబడి చూడాలి. అక్కా, మీ అమ్మగారి మాట చదివాక నాకు దొరికింది ఇదే.

ఓరుగల్లు_పద్మ
బూట్లు కారులోనే పెట్టుకో తమ్ముడూ, ఇంట్లో వద్దు. రిపోర్టు వచ్చినాక అంకె ఎంతున్నా సరే, ఇక్కడ చెప్పు.