సమస్య: చెరువు మునిగిపోయెఁ జినుకు లేక

మొన్న కర్నూలు నుంచి హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో మా పాప వాళ్ళింటికి పోయినా. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నిండా అద్దాల మిద్దెలే. పక్కనున్న కోకాపేటలో 2023 వేలంలో ఎకరా 100 కోట్లు దాటింది. (ఆ డబ్బుకు మన పక్క ఊళ్ళకు ఊళ్ళే వస్తాయి లెండి.) అల్లుడు బాల్కనీలోంచి చెయ్యి చూపి "అక్కడ కుంట ఉండేదంట మామా" అన్నాడు. చూస్తే సెల్లారు గుంతలో మోటారు పెట్టి ఊటనీళ్ళు తోడుతున్నారు. బస్సెక్కేలోపు పైనున్న ఈ ఆటవెలది పాదం తట్టింది. ఇది చివరి పాదంగా, ముందు మూడు పాదాలు మీరు కట్టి పూరించండి.

నంద్యాల చెల్లెమ్మ:
మట్టి లారి వచ్చె మాపటి వేళలో
గట్టు చెరిగిపోయె గడప వెలసె
అలలు లేచు చోట నంతస్తు లెన్నెన్నొ
చెరువు మునిగిపోయెఁ జినుకు లేక

ప్రొద్దుటూరు మాస్టారు: నడక బాగుందమ్మా. మూడో పాదం మరీ బాగుంది. కానీ మట్టి పోస్తే చెరువు పూడుతుంది, మునుగుతుందా?

చెల్లెమ్మ: అంతస్తుల కింద మునిగింది సార్!

మాస్టారు: అది నువ్వు చెబితే తెలిసింది, పద్యం చెప్పలేదు.

ఆదోని తమ్ముడు:
అప్పుఁ జేసి కొంటి నద్దాల మిద్దెలో
చెరువు కానవచ్చు చిన్న గదిని
ఏడు తిరుగకుండ నెదుట వేఱొక మేడ
చెరువు మునిగిపోయెఁ జినుకు లేక

ఇది నా సొంత గోడే. గండిపేట కనబడుతుందని చెప్పి అమ్మినారు. 1908 మూసీ వరద చూసి, మళ్ళీ ఊరు మునగకుండా కట్టి 1920లో పూర్తి చేసిన చెరువది. ఇప్పుడు ఫ్లాట్ల రేటు పెంచేదానికి పనికొస్తోంది.

చెల్లెమ్మ: మాస్టారూ, ఇక్కడ మాత్రం మునిగిందా? మరుగైంది, అంతే కదా!

మాస్టారు: మనవైపు "పొద్దు మునిగింది" అనరూ? కంటికి దూరమైతే మునిగినట్టే. ఆ నుడికారమే పద్యాన్ని నిలబెట్టింది. నా ఓటు దీనికే.

ధర్మవరం అన్న:
హంద్రి నీవ పాఱె నంబర మెండిన
మరువ దాఁటి నీరు పొలము నింపె
బీట లెన్నొ పడిన వీపుతో నున్నట్టి
చెరువు మునిగిపోయెఁ జినుకు లేక

మాస్టారు: రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) తప్పింది. "మ"కు "పొ" కుదరదు. "మడుల నింపె" అంటే సరిపోతుంది, అర్థమూ చెడదు. హ–అ, బీ–వీ యతులు సరే. బీటల వీపు మునగడం కళ్ళకు కట్టింది. హంద్రీ-నీవా కాలువవి శ్రీశైలం వెనుక జలాలను మల్యాల దగ్గర ఎత్తిపోసి తెచ్చిన నీళ్ళు గనక చినుకుతో పనిలేదు, సమస్య విడిపోయింది. అయితే అడిగింది హైదరాబాదు మిద్దెల సంగతి కదా నాయనా!

అన్న: దిద్దుకున్నా సార్. మాకు అద్దాల మిద్దెల్లేవు, ఉన్నది చెరువొక్కటే.

చెల్లెమ్మ: నా మొదటి పాదం మార్చి రేపు మళ్ళీ పెడతా. పూడ్చను, ముంచుతా.