సివిల్ వార్‌తో మొదలుపెట్టి బోల్తా పడ్డాను. సూపర్‌హీరో కామిక్స్ అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

మెట్రో ప్రయాణికుడు (ఆదివారం, రాత్రి 9:40)

మార్వెల్ సినిమాలు దాదాపు అన్నీ చూశాను, కొన్ని రెండేసి సార్లు. ఇక పుస్తకాలు చదువుదామని పోయిన వారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదికి వెళ్లాను. ఆదివారం కదా, మూసి ఉన్న షాపు షట్టర్ ముందు పరిచిన ఇంటర్ గైడ్ల కింద 'సివిల్ వార్' దొరికింది. మార్వెల్ హీరోలు రెండు జట్లుగా చీలి కొట్టుకునే కథ, ఏడు సంచికలూ కలిపిన ఒకే పుస్తకం. మూడొందలు అన్నాడు, నూట ఎనభైకి బేరం తెగింది. సినిమా చూశాం కదా అన్న ధైర్యంతో రెండు రోజులు ఆఫీసుకి పోతూ వస్తూ మెట్రోలో చదివాను.

ఏమీ ఎక్కలేదు. మొదట్లోనే న్యూ వారియర్స్ అని ఒక కుర్ర బ్యాచ్ టీవీ షో కోసం విలన్ల మీద పడుతుంది. నైట్రో అనేవాడు బడి దగ్గరే పేలిపోతాడు, వందల మంది పోతారు. ఈ కుర్రాళ్లెవరో నాకు తెలియదు, మరి ఏడుపెలా వస్తుంది? రెండో సంచిక చివర స్పైడర్‌మ్యాన్ విలేకరుల ముందు మాస్క్ తీసేస్తాడు. సినిమాల్లో మొదటి రోజునుంచీ ఆ మొహమే చూస్తున్నాను, నాకేం షాక్? తర్వాత థోర్ దిగుతాడు. తీరా చూస్తే అతను థోర్ కాదట, క్లోనట!

ఆఫీసులో ఒకాయన "1961 నుంచి వరసగా చదువు, వేరే దారి లేదు" అంటాడు. ఇంకొకామె "ఏదో ఒకటి పట్టుకో, అదే తెలుస్తుంది" అంటుంది. ఏదో ఒకటి పట్టుకునే కదా ఇక్కడికొచ్చాను. ఎవరి మాట వినాలి?

ఒకటో నంబర్ (రాత్రి 10:05)

మీ ఆఫీసాయన చెప్పిందే కరెక్ట్. నేను నాలుగేళ్లుగా ఆ పని మీదే ఉన్నాను. ప్రస్తుతం 1974లో ఉన్నాను, నవ్వేవాళ్లు నవ్వుకోండి. మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్‌లో పాతవి చాలావరకు ఉన్నాయి. ఎక్సెల్ షీట్ పెట్టుకుని, చదివినదానికల్లా టిక్ కొట్టుకుంటూ పోతున్నాను.

వరసలో ఉన్న సుఖం ఏంటో ఒక్కటి చెబుతాను. 1963లో స్పైడర్‌మ్యాన్ సొంత పత్రిక మొదటి సంచిక. ఇంటి అద్దెకి డబ్బుల్లేవు. కుర్రాడు తిన్నగా ఫెంటాస్టిక్ ఫోర్ ఉండే బిల్డింగ్‌లో దూరి, నలుగురితోనూ ఒక పట్టు పట్టి, తన సత్తా చూపించి, ఆనక జీతం సంగతి ఎత్తుతాడు. మాది లాభాల కోసం నడిపేది కాదు బాబూ, జీతాలుండవు అంటారు వాళ్లు. అమీర్‌పేటలో కోర్సులు చేసి ఇంటర్వ్యూల చుట్టూ తిరిగినవాడెవడూ ఆ పేజీ మర్చిపోలేడు. కానీ అంతకు రెండేళ్ల ముందు స్టాన్ లీ, జాక్ కర్బీ మొదలుపెట్టిన ఫెంటాస్టిక్ ఫోర్ చదివి ఉంటేనే అందులో పస. ఆ బిల్డింగ్ ఎంత గొప్పదో తెలియాలి కదా! ఒక పత్రికలో మనిషి ఇంకో పత్రికలోకి నడిచి రావడమే ఈ ఉమ్మడి ప్రపంచం మజా. రావడం చూడకుండా, వచ్చేసినవాళ్ల గుంపులో పడితే మీకు సివిల్ వార్‌లో అయిందే అవుతుంది.

కోఠి పాత పుస్తకం (రాత్రి 10:22)

బ్రదర్, మీ షీట్‌లో 1939 ఉందా?

ఎందుకంటే ఫెంటాస్టిక్ ఫోర్ నాలుగో సంచిక, 1962. ఆ నలుగురిలో ఒంటికి మంట పుట్టించుకోగల కుర్రాడు జానీ స్టార్మ్ అలిగి ఇల్లు వదిలి చవక లాడ్జిలో పడుకుంటాడు. అక్కడ వాడి చేతికి 1940ల నాటి పాత కామిక్ పుస్తకం ఒకటి దొరుకుతుంది, సబ్‌మెరైనర్ కథ. అదే గదుల్లో గడ్డం పెరిగి, తానెవరో మర్చిపోయిన మనిషి ఒకడుంటాడు. జానీ తన వేలి మంటతో ఆ గడ్డం గీసేసరికి సాక్షాత్తూ ఆ పుస్తకంలో ఉన్న నేమోర్! ఆ నేమోర్ పుట్టింది 1939లో. అంటే మీరు "మొదలు" అంటున్న చోట కూడా కథ నడిమధ్యలోనే ఉంది. జానీ చదివింది కూడా మన ఆబిడ్స్ సరుకు లాంటి నలిగిపోయిన పాత పుస్తకమే, వరసలో కాదు.

ఇంకోటి. ఎక్స్‌మెన్ పత్రికలో 67 నుంచి 93 దాకా పాత కథలే మళ్లీ అచ్చేశారు. అవి రెండోసారి చదివి టిక్ కొట్టారా?

ఒకటో నంబర్ (రాత్రి 10:31)

కొట్టాను. చదవకుండా.

తెలుగు టీచరమ్మ (రాత్రి 10:58)

మా అబ్బాయి పుణ్యమా అని నాకూ ఈ పిచ్చి అంటుకుంది, కాబట్టి ఒక మాట. మన భారతం కథ చూడండి. నన్నయ గారు మొదటినుంచీ రాసుకుంటూ వచ్చి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయారు. తిక్కన గారు ఆ మిగిలింది ముట్టుకోలేదు. విరాటపర్వంతో ఎత్తుకున్నారు. ఆ ఖాళీని తర్వాత ఎప్పుడో ఎర్రన గారు పూరించారు. నాలుగో పర్వంతో ఎత్తుకున్నందుకు తిక్కనను ఎవరూ తప్పుపట్టలేదు.

అసలు విరాటపర్వంలో ఏముందో గమనించారా? అందరూ కొత్త ఊళ్లో, కొత్త పేర్లతో, కొత్త ఉద్యోగాల్లో ఉంటారు. రాజు కంకుభట్టయ్యాడు, భీముడు వంటింట్లో వలలుడు, అర్జునుడు డాన్సు మాస్టారు బృహన్నల. అసలు పేరు బయటపడితే కొంప మునుగుతుంది. మీ సీక్రెట్ ఐడెంటిటీ కథ ఇంతకంటే వేరేనా? వెనకటి గొడవలు రెండు ముక్కల్లో చెబితే చాలు, కీచకుడి కథ దానంతట అదే నడిచిపోతుంది, ముగింపూ అక్కడే దొరుకుతుంది. అదే భీష్మపర్వం మధ్యలో తీసుకెళ్లి కూర్చోబెడితే ఎవడు ఎవణ్ణి ఎందుకు కొడుతున్నాడో తెలియక ఆవలింతలు వస్తాయి.

బాబూ మెట్రో ప్రయాణికుడూ, నువ్వు మధ్యలో మొదలుపెట్టడం తప్పు కాదు. తిన్నగా వెళ్లి యుద్ధపర్వంలో పడ్డావు, అదీ తప్పు. నీకు విరాటపర్వం కావాలి.

ఒకటో నంబర్ (రాత్రి 11:10)

మేడమ్, పోలిక బాగుంది కానీ ఒక చోట తేలిపోతోంది. తిక్కన భారతం విన్నవాళ్లకు పాండవులెవరో పాలతోనే తెలుసు. వలలుడు గరిటె పట్టుకుంటే నవ్వొచ్చేది అతను భీముడని ముందే తెలుసు కాబట్టి. ఈయనకి ఆ పాలు ఎవరు పట్టారు?

తెలుగు టీచరమ్మ (రాత్రి 11:19)

సినిమాలు పట్టాయి కదా నాయనా. అయితే ఆ పాలలో నీళ్లు కలిశాయి, అది ఒప్పుకుంటాను. 1957 మాయాబజార్ చూసి పెరిగినవాళ్లు వ్యాసభారతం తెరిచి శశిరేఖ ఏదీ అని వెతికినట్టే ఉంటుంది ఈయన పరిస్థితి. వెతికితే దొరకదు, ఆమె జనం కథల్లోంచి వచ్చిన పిల్ల. సినిమా ఒక పాఠం, పుస్తకం ఇంకో పాఠం. ఆ ఒక్క సంగతి గుర్తుంటే చాలు.

గోతమ్ గల్లీ (సోమవారం, ఉదయం 8:15)

రాత్రంతా మార్వెల్ మాటేనా? ఇంకో పెద్ద కంపెనీ డీసీ సంగతి చూడండి, వరస అనే మాటకే అక్కడ తావు లేదు. సూపర్‌మ్యాన్ 1938లో, బ్యాట్‌మ్యాన్ 1939లో మొదలయ్యారు. 1961లో ఫ్లాష్ 123వ సంచికలో కొత్త ఫ్లాష్ వెళ్లి పాత ఫ్లాష్‌ని ఇంకో భూమ్మీద కలిశాడు. ఒక భూమికి రెండయ్యాయి, తర్వాత లెక్క తప్పింది. 1985లో 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' అని 12 సంచికల కథ రాసి అన్ని భూముల్నీ ఒకటి చేసేశారు. 2011 సెప్టెంబర్‌లో మళ్లీ అంతా తుడిచి 52 పత్రికలు ఒకటో నంబర్ నుంచి మొదలుపెట్టారు. 2016లో మళ్లీ రీబర్త్ అన్నారు. మా కాలనీ రోడ్డు కూడా ఇన్నిసార్లు తవ్వలేదు.

కాబట్టి మెట్రో అన్నా, "మొదలు" అని రాసి ఉన్న బోర్డు చూసి మోసపోవద్దు. ఒకటో నంబర్ అంటే కంపెనీవాళ్లు కొత్త పాఠకుల కోసం కట్టే తోరణం, అంతే. నన్నడిగితే 'బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్', 1987. నాలుగే నాలుగు సంచికలు. బ్యాట్‌మ్యాన్ ముసుగు వెనక మనిషి బ్రూస్ ఊళ్లోకి దిగిన మొదటి ఏడాది, పోలీసు గోర్డన్ అదే ఊరికి బదిలీ మీద వచ్చిన మొదటి ఏడాది, పక్కపక్కనే నడుస్తాయి. ముందు ఏమీ తెలియనక్కర్లేదు. మరీ కొత్తది కావాలంటే 2024 అక్టోబర్‌లో మొదలైన 'అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్' ఉంది. అందులో బ్రూస్ దగ్గర ఆస్తీ లేదు, బంగళా లేదు.

మార్వెల్‌లోనూ అలాంటిదే ఉంది, 2024 జనవరిలో మొదలైన 'అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్'. స్పైడర్‌మ్యాన్ అయ్యే పీటర్‌కి పెళ్లయి ఇద్దరు పిల్లలు, అప్పుడు వస్తాయి శక్తులు. అసలు కథలో చనిపోయే బెన్ బాబాయి ఇందులో బతికే ఉంటాడు.

తెలుగు టీచరమ్మ (ఉదయం 8:40)

బాబాయి కాదు. బెన్ వాళ్ల నాన్నకి అన్న. పెదనాన్న అనాలి.

గోతమ్ గల్లీ (ఉదయం 8:42)

ఇన్నేళ్లలో ఎవరూ పట్టించుకోలేదు మేడమ్! సరే, పెదనాన్న.

కాచిగూడ ప్లాట్‌ఫామ్ (ఉదయం 11:30)

ఈ చర్చ చూస్తుంటే నవ్వొస్తోంది. మేం చదివింది రాజ్ కామిక్స్, హిందీలో. నాగరాజ్, సూపర్ కమాండో ధ్రువ, డోగా. సెలవులకి ఊరెళ్లేటప్పుడు కాచిగూడ స్టేషన్ బుక్‌స్టాల్లో ఏది వేలాడుతుంటే అది. నాగరాజ్ 1986లో వచ్చాడని నాకు తెలిసింది పెద్దయ్యాక. నేను చదివిన మొదటి పుస్తకంలోనే నాగరాజ్, ధ్రువ కలిసి ఉన్నారు. ఎవరీ పసుపు, నీలం బట్టల కుర్రాడు అని మా అన్నని అడిగితే, "పవర్స్ లేవు, బుర్ర ఉంది" అన్నాడు. ఒక్క ముక్క. దానితో పదేళ్లు బతికాను.

తెలియకపోవడం కూడా ఒక రుచేనండి. అసలు నష్టం ఎక్కడొచ్చిందంటే, ఇప్పుడు పక్కన అన్న లేడు, వికీ ఉంది. ఒక్క పేరు అడిగితే నలభై పేజీలు చెబుతుంది.

కోఠి పాత పుస్తకం (మధ్యాహ్నం 1:05)

కాచిగూడ అన్నకి వంద మార్కులు. ఇప్పుడు నా విరాటపర్వం చెబుతాను. 'హాక్‌ఐ', 2012, రాసింది మ్యాట్ ఫ్రాక్షన్, బొమ్మలు ఎక్కువగా డేవిడ్ ఆహా. మొత్తం 22 సంచికలు, అయిపోయింది. ఎవెంజర్స్ పని లేని రోజుల్లో ఆ బాణాలాయన ఏం చేస్తాడనేదే కథ. అద్దె ఇల్లు, పక్కవాటా జనం, ఖాళీ చేయించాలని చూసే రౌడీలు. మాటకి ముందొక "బ్రో", వెనకొక "బ్రో". వాళ్లని చూస్తే మన దగ్గర ప్లాట్ కబ్జాకి వచ్చే బ్యాచే.

పదకొండో సంచిక మొత్తం కుక్క చెబుతుంది. అంటే, మాటల్లో కాదు. కుక్క ఒక మనిషిని చూడగానే ఆ మనిషి చుట్టూ చిన్న చిన్న గుర్తులు: వాసన, తిండి, ఎవరితో తిరిగాడో. మనుషులు మాట్లాడే బుడగల్లో కుక్కకి తెలిసిన రెండు మూడు మాటలే కనిపిస్తాయి, మిగతాదంతా గీతలు. ఇల్లంతా ఒక హత్య గొడవలో ఉంటుంది, కుక్కకి అందింది దానికి, మనకి అందింది మనకి. ఉమ్మడి ప్రపంచం కామిక్ మధ్యలో పట్టుకున్న ప్రతివాడూ ఆ కుక్కే. ఏవో నాలుగు మాటలు తెలుస్తాయి, వాసన మాత్రం పూర్తిగా తెలుస్తుంది.

ఒకటో నంబర్ గారూ, ఒకటి గుర్తు చేస్తాను, కోప్పడొద్దు. డగ్లస్ వోక్ అనే రచయిత మార్వెల్ సూపర్‌హీరో సంచికలు 27,000 పైచిలుకు చదివి 2021లో పుస్తకం రాశాడు. అంత చదివినాయన కూడా వరసగా చదవలేదు.

ఒకటో నంబర్ (మధ్యాహ్నం 1:40)

కోపమేం లేదు. కానీ మీరంతా బాగా చదివేసి, ఇప్పుడు కొత్తవాడికి "ఏదైనా చదువు" అంటున్నారు. ఈత వచ్చినవాడు గట్టుమీద నిలబడి దూకేయ్ అన్నట్టుంది. మీరు చెప్పిన హాక్‌ఐ, ఇయర్ వన్ ఏరడానికి ఎన్ని చెత్త పుస్తకాలు చదివారో అది చెప్పరు. నాకు ఏరుకోవడం రాదు. వరస ఉంటే ఏరుకునే టెన్షన్ లేదు, రోజుకి రెండు, హాయిగా పడుకుంటాను. అందరికీ నప్పదు, సరే. ఈయనకి నప్పదని కూడా ఒప్పుకుంటాను, సివిల్ వార్ ఏడు సంచికలకే అలిసిపోయాడు.

మెట్రో ప్రయాణికుడు (తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 2:20)

రిపోర్ట్. ఇయర్ వన్, హాక్‌ఐ రెండూ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను, ఇంకా రాలేదు. ఆగలేక మళ్లీ ఆబిడ్స్ పోయాను. అదే షట్టర్ ముందు ఒక స్పైడర్‌మ్యాన్ సంచిక, కవర్ లేదు, ఇరవై రూపాయలు. పక్క సందులో ఇరానీ హోటల్లో కూర్చుని చాయ్ చల్లారేలోపు చదివేశాను. ఒక బొమ్మలో మాట పక్కన చుక్క గుర్తు, కింద పసుపు డబ్బాలో "ఇది మూడు సంచికల కిందట జరిగింది" అని ఎడిటర్ నోట్. పోయినసారైతే ఫోన్ తీసి వెతికేవాణ్ణి. ఈసారి వెతకలేదు. విలన్ ఎవరో ఇప్పటికీ సరిగ్గా తెలియదు, కానీ వాడు ఇంటికెళ్లి తల్లితో మాట్లాడే పేజీ రెండుసార్లు చదివాను.

ఒకటో నంబర్ (మధ్యాహ్నం 2:31)

మంచిది. ఏ నంబర్ సంచికో చెప్పండి. కవర్ పోయినా ఫర్వాలేదు, మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. నా షీట్‌లో ముందు వెనకలు చూసి చెబుతాను.

మెట్రో ప్రయాణికుడు (మధ్యాహ్నం 2:34)

చూశానన్నా. సరిగ్గా ఆ మూలే చిరిగిపోయి ఉంది.