విదేశాంగ విధానం ఎవరి చేతిలో ఉంది: కంపెనీల చేతిలోనా, ప్రభుత్వం చేతిలోనా?

మల్కాపురం వాసి:
మన విశాఖ హెచ్‌పీసీఎల్ చమురు శుద్ధి కర్మాగారం (రిఫైనరీ) 1957లో మొదలైనప్పుడు కాల్టెక్స్‌ది, అంటే అమెరికా కంపెనీది. మా నాన్నగారి తరం చివరిదాకా దాన్ని కాల్టెక్స్ అనే పిలిచింది. 1960లో సోవియట్ యూనియన్ మనకు ముడిచమురు చవగ్గా ఇస్తానంది, రూపాయల్లో కడితే చాలంది. విదేశీ మారకానికి దేశం కటకటలాడుతున్న రోజులవి. నెహ్రూ ప్రభుత్వం ఇక్కడ రిఫైనరీలున్న విదేశీ కంపెనీలు కాల్టెక్స్‌నీ, బర్మా షెల్‌నీ, స్టాన్‌వాక్‌నీ ఆ చమురు శుద్ధి చేయమని అడిగింది. మూడూ కుదరదన్నాయి. చమురు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలో తమ ఇష్టమంటూ పాత ఒప్పందాలు చూపించాయి. మన ఊళ్లోని రిఫైనరీలో ఏ చమురు మరగాలో న్యూయార్క్‌లో కూర్చున్నవాళ్లు తేల్చారు! ఏ దేశంతో వ్యాపారం చేయాలన్నది విదేశాంగ విధానం కాక మరేమిటి? పెట్టుబడి వస్తోందంటే చాలు, వెనకాముందూ చూడకుండా చప్పట్లు కొట్టే మనం ఈ చరిత్ర మర్చిపోకూడదని నా బాధ.

పోర్టు పెన్షనర్:
మీరు చెప్పిన సంగతి నిజమే గానీ సగమే చెప్పారండీ. అదే 1960లో క్యూబాలో ఏం జరిగిందో చూడండి. సోవియట్ చమురు శుద్ధి చేయమని కాస్ట్రో ప్రభుత్వం అడిగితే, కంపెనీలు నిరసన తెలిపి ఊరుకుందామనే అనుకున్నాయి. ఒప్పుకోవద్దని వాటికి చెప్పింది అమెరికా ఆర్థిక మంత్రి. కాదన్నందుకు కాస్ట్రో రిఫైనరీలు లాక్కున్నాడు, నష్టపోయింది కంపెనీలు. మరి అక్కడ ఎవరు ఎవర్ని ఆడించినట్టు?

మధ్య అమెరికాలోని గ్వాటెమాలా సంగతీ అంతే. 1952 భూసంస్కరణల చట్టం కింద ఆ దేశాధ్యక్షుడు అర్బెంజ్ ప్రభుత్వం, అమెరికా అరటిపళ్ల కంపెనీ యునైటెడ్ ఫ్రూట్ బీడు భూములు తీసుకుంది. పన్ను తగ్గించుకోవడానికి కంపెనీ తానే రాసిచ్చిన విలువకే పరిహారం లెక్కకట్టింది. 1954లో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ అర్బెంజ్‌ని దింపేసింది. ఇదంతా అరటిపళ్ల కంపెనీ కోసమేనని అందరూ అంటారు. కానీ ఆయన దిగిపోయిన కొద్ది రోజులకే అదే అమెరికా ప్రభుత్వం అదే కంపెనీ మీద గుత్తాధిపత్యం కేసు వేసింది. కంపెనీయే యజమాని అయితే ఆ కేసు ఎలా పడుతుంది?

మల్కాపురం వాసి:
కేసు పడింది, ఒప్పుకుంటాను. అయితే అప్పటి విదేశాంగ మంత్రి జాన్ ఫాస్టర్ డల్లెస్, సీఐఏ అధిపతిగా ఉన్న ఆయన తమ్ముడు ఇద్దరూ అంతకుముందు ఆ కంపెనీ తరఫున పనిచేసిన లా ఫర్మ్‌లో ఉన్నవాళ్లే. నిన్నటిదాకా క్లయింటుగా చూసినవాడి మాట ఈరోజు దేశ ప్రయోజనంగా వినిపించడంలో వింతేముంది? నేను కంపెనీ యజమాని అనడం లేదు. దాని మాట ముందుగా చెవిన పడుతుంది అంటున్నాను.

నక్కపల్లి రొయ్యల రైతు:
మీ ఇద్దరి లెక్కలోకీ రాని మా సంగతి చెబుతాను. 2025 ఆగస్టులో, రష్యా చమురు కొంటున్నామని అమెరికా మన సరుకు మీద ఇంకో 25 శాతం సుంకం వేసింది, మొత్తం 50 అయింది. చమురు కొన్నది కంపెనీలు, దెబ్బ తగిలింది మాకు. పట్టుబడికి సిద్ధంగా ఉన్న చెరువు పక్కన నిలబడి ఏజెంటుకి ఫోన్ చేస్తే, ముందు రోజు చెప్పిన కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) రేటు ఇప్పుడు లేదన్నాడు. రొయ్య ఆగదు కదండీ, మేత తింటూనే ఉంటుంది. ఎగుమతిదారులకు సంఘాలున్నాయి, ఢిల్లీ వెళ్లి మంత్రిని కలుస్తారు. మా తరఫున వెళ్లేదెవరు?

ఇంకోటి. లాబీ, అంటే తమకు కావలసింది చేయించుకోవడానికి ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చేవాళ్లు, పెద్ద కంపెనీలే అనుకోకండి. అమెరికా దక్షిణ తీరంలో రొయ్యలు పట్టేవాళ్లు సంఘం కట్టి పిటిషన్ వేస్తేనే 2005లో మన రొయ్యల మీద, మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్ సుంకం పడింది. వాళ్లలో మాలాంటి చిన్నవాళ్లూ ఉన్నారు.

మల్కాపురం వాసి:
ఎవరు వెళ్లి ఏం అడిగారో వాళ్ల దేశంలో రికార్డు ఉంటుంది, తేడా అక్కడే ఉంది. 1995 నుంచి అమెరికాలో లాబీయింగ్ ఖర్చు చెప్పి తీరాలి. మన చిల్లర వర్తకంలోకి రావడానికి వాల్‌మార్ట్ అక్కడ లాబీ నడిపిందన్న సంగతి 2012లో మనకు తెలిసింది ఆ చట్టం వల్లే. పార్లమెంటు అట్టుడికిపోయింది. మనకు అలాంటి చట్టమే లేదు. పైగా 2017లో పార్టీలకు కంపెనీలిచ్చే విరాళాలకున్న 7.5 శాతం పరిమితి ఎత్తేశారు, ఎలక్టోరల్ బాండ్లతో పేర్లు దాచారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసేదాకా ఎవరు ఎవరికి ఇచ్చారో ఓటరుకి తెలియదు.

2025 అక్టోబరులో విశాఖకు గూగుల్ డేటా సెంటర్ ప్రకటించారు, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లని. రానివ్వండి, నేను వద్దనను. భూమి, నీళ్లు, కరెంటు ఏ ధరకు ఇస్తున్నామో, ఆ రాయితీలు ఎవరు అడిగారో జీవోల్లో దాచకుండా వెబ్‌సైట్‌లో పెట్టాలి. మంత్రిని ఎవరు కలిశారో, ఏం అడిగారో రాసే రిజిస్టర్ ఉండాలి, రైతు సంఘం కలిసినా అందులోనే రాయాలి.

కూర్మన్నపాలెం ఉక్కు కార్మికుడు:
రిజిస్టర్ పెట్టండి, మంచిదే. కానీ కాల్టెక్స్ ఏం దాచింది? బాహాటంగానే కాదంది. అప్పుడు ప్రభుత్వాన్ని కాపాడింది 1959లో పెట్టిన ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఆయిల్. రిఫైనరీలు కాదంటే, శుద్ధి చేసిన సరుకే సోవియట్ నుంచి నేరుగా తెప్పించారు. దిగుమతికి, అమ్మకానికి సొంత సంస్థ ఉంది కాబట్టి అది కుదిరింది. తర్వాత సోవియట్ సాయంతో బీహార్‌లోని బరౌనీలో రిఫైనరీ కట్టారు, 1976లో కాల్టెక్స్‌నీ తీసుకున్నారు. 2021 జనవరి 27న మా విశాఖ ఉక్కు ప్లాంటుని వంద శాతం అమ్మేయాలని కేంద్రం నిర్ణయించినప్పటి నుంచి నేను అడుగుతున్నది ఇదే: రేపు ఏదో ఒక కంపెనీ మళ్లీ కుదరదంటే, ప్రభుత్వం ఎవరి దగ్గరికి వెళుతుంది? దీనికి జవాబు చెప్పండి మల్కాపురం గారూ.