శరణార్థులకు వేరే చట్టం కావాలా, విదేశీయుల చట్టమే చాలా?

పెన్నా గట్టు:
అనుమానం ఉన్న బంగ్లాదేశ్, మయన్మార్ వాళ్ల కాగితాలు 30 రోజుల్లో తేల్చమని 2025 మేలో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు చెప్పింది. అప్పట్నుంచి చీమకుర్తి క్వారీ అయినా, ముత్తుకూరు పక్క ప్లాంట్లయినా, బెంగాలీ మాట వినపడితే చాలు "వీళ్లు యాడోళ్లు?" అనే గోల. సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. 1920, 1939, 1946, 2000 నాటి నాలుగు చట్టాలు తీసేసి ఒకటి చేశారు. అంత పని పెట్టుకుని కూడా శరణార్థి అంటే ఎవరో అందులో రాయలేదు. శరణార్థుల హక్కుల మీద వచ్చిన 1951 ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మనం సంతకం పెట్టలేదు, 1967 ప్రోటోకాల్ మీదా పెట్టలేదు. వేరే చట్టం కావాలనేది నా పట్టు. వద్దనేవాళ్లు టీవీ భాష పక్కన పెట్టి కారణాలు చెప్పండి.

గాలక్సీ రాయి:
వద్దనేవాణ్ణి నేనున్నా. చట్టం లేకుండానే 1959లో టిబెట్ వాళ్లకు చోటిచ్చాం. 1971లో తూర్పు బెంగాల్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి దాదాపు కోటి మంది వస్తే అన్నం పెట్టాం. 1983 తర్వాత శ్రీలంక తమిళులకు తమిళనాడులో క్యాంపులు పెట్టాం. సంతకాలు పెట్టిన దేశాలు ఎన్ని ఇంత చేశాయి? ప్రభుత్వం చేతులు కట్టేయకపోబట్టే అది కుదిరింది.

చట్టం రాస్తే ఏమవుద్దో అమెరికాను చూడండి. శరణం అడిగే ఐ-589 ఫారం వేసి 150 రోజులైతే వర్క్ పర్మిట్‌కు అప్లై చేసుకోవచ్చు. కేసు తేలడానికి మాత్రం ఏళ్లు. దాంతో శరణం అక్కర్లేనివాడు కూడా పర్మిట్ కోసం ఫారం వేస్తాడు. ఒక్క యూఎస్‌సీఐఎస్ (అక్కడి వలసల శాఖ) దగ్గరే పెండింగు పది లక్షలు దాటింది. ఆలస్యమే లాభంగా మారిందని 2018 జనవరి నుంచి కొత్త దరఖాస్తులను ముందు పిలవడం మొదలుపెట్టారు. ప్రాణభయంతో ముందే వచ్చినవాడి ఫైలు అడుగున పడింది. మన కోర్టుల వేగానికి ఇది కూడా తగిలిస్తే ఇక చెప్పేదేముంది.

కావలి వకీలు:
గాలక్సీ గారూ, మీరు చెప్పే స్వేచ్ఛ ఢిల్లీలో ఉంటుంది. స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి ఎట్టుంటుందో వినండి.

ఒక మయన్మార్ మనిషి నెల్లూరులో దొరికాడనుకుందాం. జిల్లాలో విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారి ఎస్పీనే. "వెనక్కి పంపితే చంపుతారు" అని అతనంటే ఏం చేయాలో 2011 డిసెంబరులో హోంశాఖ ఒక ఎస్‌ఓపీ (అధికారులు పాటించాల్సిన పద్ధతి) పంపింది, 2019లో సవరించింది. జాతి, మతం, లింగం, రాజకీయ అభిప్రాయం లాంటి కారణాలతో వేధింపు భయం నిజమేనని పైకి కనపడితే, అడిగిన 30 రోజుల్లో రాష్ట్రం దీర్ఘకాలిక వీసాకు సిఫారసు చేయాలి. భద్రతా తనిఖీ తర్వాత ఆ వీసా వస్తే ప్రైవేటు ఉద్యోగం చేసుకోవచ్చు, చదువుకోవచ్చు. కాగితం మీద బాగానే ఉంది.

అయితే స్టేషన్‌లో ముందు పడేది ఎఫ్‌ఐఆర్. పాస్‌పోర్టు, వీసా లేకుండా వస్తే కొత్త చట్టంలో ఐదేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. ఒకసారి నిందితుడయ్యాక అతని భయం గురించి రిమాండు రిపోర్టులో ఎవరూ రాయరు. అడిగినట్టు రికార్డే లేకపోతే 30 రోజుల లెక్క ఎప్పుడు మొదలవుద్ది? శిక్ష అయిపోయాక తిప్పి పంపాలంటే అవతలి దేశం "మావాడే" అని ఒప్పుకోవాలి. అక్కడి ముస్లిం మైనారిటీ రోహింగ్యాలను మయన్మార్ తన పౌరులుగానే లెక్కపెట్టదు. ఇక మిగిలింది హోల్డింగ్ సెంటరు, అంటే పంపేదాకా ఉంచే చోటు.

ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఢిల్లీ ఆఫీసు ఇచ్చే కార్డు ఉంది కదా అంటారు. ఆ కార్డు మన చట్టం కింద ఉండే హక్కు ఇవ్వదు, దాని మీద ఆధార్ రాదు. ఆధార్ లేనివాడికి బ్యాంకు ఖాతా, సిమ్ కూడా కష్టమే.

కోర్టు అడ్డుపడుద్దని కూడా అనుకోవద్దు. 1996లో అరుణాచల్‌లో ఉంటున్న చక్మా శరణార్థుల కేసులో 21వ అధికరణం (ప్రాణ రక్షణ హక్కు) విదేశీయుడికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు కాపాడింది. 2021 ఏప్రిల్‌లో రోహింగ్యాల కేసులో మాత్రం, 14 (సమానత్వం), 21 అందరికీ ఉన్నా దేశం నుంచి పంపేయకుండా ఉండే హక్కు పౌరులదేనని చెప్పి, పద్ధతి ప్రకారం అయితే పంపొచ్చంది. ఆ పద్ధతేదో చట్టంలో లేదు. నా గొడవంతా అదే.

ముత్తుకూరు మలుపు:
మయన్మార్ సంగతి సరే. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రోజూ దెబ్బ తినేది బెంగాల్, అస్సాం నుంచి వచ్చిన మన పౌరులు. రొయ్యల తల తీసే లైన్లు, గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్లో పాలిషింగ్ యూనిట్లు, ఇటుక బట్టీలు, రైస్ మిల్లులు, అన్నీ బయటి రాష్ట్రాల చేతుల మీదే నడుస్తుండాయి. తనిఖీ చేసేవాళ్లకూ పనిలో పెట్టుకునేవాళ్లకూ నాలుగు మాటలు.

ఆధార్ జిరాక్సు ఫైలులో పెట్టుకుంటే తనిఖీ అయినట్టు కాదు. కార్డు మీది క్యూఆర్‌ను అధికారిక యాప్‌తో స్కాన్ చేయాలి. పేరు మార్చి లామినేషన్ చేసిన కార్డు అక్కడే దొరికిపోతుంది. అసలు కార్డే అయినా ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు. ఏడాదిలో 182 రోజులు ఇక్కడున్న విదేశీయుడికీ చట్టప్రకారం ఇస్తారు. కాబట్టి ఎన్నికల సంఘం సైట్‌లో ఓటరు కార్డు నంబరు కొట్టి సొంతూరి బూత్ చూడండి. తర్వాత ఆ ఊరి పోలీస్ స్టేషన్‌కు రాయండి. జవాబు ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యానికి కూలీని లోపల పెట్టకూడదు.

పేర్ల తేడా చూసి దొంగ కాగితాలనుకోవడం ఇంకో పెద్ద పొరపాటు. బెంగాల్ ముస్లిం ఆడవాళ్ల పాత కార్డులో ఖాతూన్ అని ఉంటుంది, పెళ్లయ్యాక తీసుకున్నదాంట్లో బీబీ అని ఉంటుంది. మగవాళ్లకు ఒకదాంట్లో షేక్, ఒకదాంట్లో ఎస్‌కే. మన షేకుల కార్డుల్లో లేదా ఈ తంతు?

ఒరిజినల్స్ మేస్త్రీ దగ్గర పెట్టుకుంటే పోలీసు వచ్చినప్పుడు కూలీ చేతిలో ఏమీ ఉండదు. అట్ట పెట్టుకోనీయొద్దు. 2025 నవంబరు 21 నుంచి లేబర్ కోడ్‌లు వచ్చాయి, పదిమంది అంతర్రాష్ట్ర కూలీలున్న చోట ఆ నిబంధనలు వర్తిస్తాయి. రిజిస్టరు సరిగ్గా ఉంటే సగం గొడవ గేటు దగ్గరే తీరుద్ది.

తనిఖీ తప్పితే ఏమవుద్దంటారా? ఢిల్లీలో పట్టుకుని బంగ్లాదేశ్‌లోకి తోసేసిన బెంగాల్ కుటుంబాలను వెనక్కి తెమ్మని 2025 సెప్టెంబరులో కలకత్తా హైకోర్టు చెప్పాల్సొచ్చింది.

గాలక్సీ రాయి:
మలుపన్నా, ఇది తనిఖీ బాగా చేయమనే వాదన. శరణార్థి చట్టానికి దీనికి సంబంధం ఏంది? 4,096 కిలోమీటర్ల బంగ్లాదేశ్ సరిహద్దులో నదులున్న చోట కంచె వేయలేరు. దాటొచ్చినవాడు పట్టుబడగానే "శరణం" అంటాడు, చట్టం ఉంటే అదే వాడి బెయిలు పిటిషన్. కూలీ రేటు పడిపోతుందని ఊళ్లో జనం అనేదాన్ని కూడా ద్వేషమని కొట్టిపారేయొద్దు.

కందుకూరు కాఫీ:
జనం సంగతి చెప్పాలంటే, చలికాలం స్వెట్టర్లమ్మే టిబెట్ వాళ్లను ఎవరూ కాగితం అడగరు. లంక తమిళులంటే అయ్యో అంటారు. రోహింగ్యా అనగానే అద్దె ఇల్లు ఉండదు. అమెరికాలో హెచ్1బీ లాటరీ తగలకపోతే మనోళ్లకు కన్సల్టెన్సీ చెప్పేది ఏందో? "అసైలం వేసెయ్, పర్మిట్ వస్తుంది." అక్కడికి వచ్చిన ఏడాదిలోపే వేయాలని, 2025లో వంద డాలర్ల ఫీజు, పెండింగులో ఉన్న ప్రతి ఏడాదికి ఇంకో వంద పెట్టారని చెప్పరు. తెలిసీ కల్పించిన కథ అని జడ్జి తేలిస్తే ఇమ్మిగ్రేషన్ లాభాలన్నింటికీ శాశ్వతంగా తలుపు మూసేస్తారని అసలే చెప్పరు.

కావలి వకీలు:
కాఫీ గారు చెప్పిన తేడాలు జనంలోనే కాదు, ఉత్తర్వుల్లోనూ ఉన్నాయి. పాస్‌పోర్టు, వీసా నిబంధనల నుంచి కొందరిని తప్పించిన 2025 సెప్టెంబరు మినహాయింపు ఉత్తర్వు చూడండి. 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు మినహాయింపు. 2024 డిసెంబరు 31 లోపు వచ్చిన అఫ్గాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్ మైనారిటీలకు మినహాయింపు. మయన్మార్ పేరే లేదు. గాలక్సీ గారు మెచ్చుకునే స్వేచ్ఛ అంటే తేదీ, మతం, దేశం చూసి ఒక్క కలంపోటు.

బెయిలు పిటిషన్ భయానికి మందు చట్టంలోనే పెట్టొచ్చు. వచ్చిన రోజే వేలిముద్రలు, ఇంటర్వ్యూ. తొంభై రోజుల్లో నిర్ణయం, ఒకే అప్పీలు. తీవ్ర నేరగాళ్లకు అర్హత లేదు. అమెరికా తప్పు శరణం ఇవ్వడం కాదు, జడ్జీలను, అధికారులను సరిపడా పెట్టకుండా 150 రోజుల పర్మిట్ గడియారం తిప్పడం. సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ పి.ఎన్. భగవతి శరణార్థి చట్టం ముసాయిదా ఎప్పటి నుంచో ఉంది. 2015లో శశి థరూర్ ప్రైవేటు బిల్లు పెట్టారు. రెండూ అక్కడే ఆగాయి.

గాలక్సీ రాయి:
మేడమ్, తొంభై రోజులకు ఒప్పుకున్నా. ఆ తర్వాత? సూళ్లూరుపేట దాటితే గుమ్మిడిపూండిలో లంక తమిళుల క్యాంపు. అక్కడే పుట్టి పెళ్లిళ్లయినవాళ్లున్నారు. పౌరసత్వ చట్టంలో 2003 సవరణ ప్రకారం కాగితం లేకుండా వచ్చినవాడు అక్రమ వలసదారు, రిజిస్ట్రేషన్‌తో గానీ ఏళ్లు గడిచాయని గానీ పౌరుడు కాలేడు. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టిన బిడ్డకు తల్లిదండ్రుల్లో ఒక్కరు అక్రమమైనా పౌరసత్వం రాదు. దాన్ని ముట్టుకోకుండా శరణార్థి కార్డు ఒక్కటిస్తే క్యాంపు పేరు మారుద్ది, అంతే.

కావలి వకీలు:
ఒప్పుకుంటా. అందుకే బిల్లులో 2003 సవరణకు మినహాయింపు క్లాజు లేకపోతే నేను కూడా దానికి ఓటెయ్యను. మలుపు గారూ, పేర్ల తేడాకు నోటరీ అఫిడవిట్ ఒక్కటే చాలదు. పెళ్లి రుజువు, సొంత పంచాయతీ ప్రధాన్ (అక్కడి సర్పంచి) సర్టిఫికెట్ కూడా జత చేయించండి.