చిలకమర్తి పద్యం: వలసానంతర పాఠంలో చోటుందా?

అందరికీ నమస్కారం. ‘భరతఖండంబు చక్కని పాడియావు’ పద్యాన్ని డిగ్రీ తరగతిలో వలసానంతర సాహిత్యం (పోస్ట్‌కలోనియల్, అంటే పరాయి పాలన అనుభవాన్నీ దాని ప్రభావాన్నీ పరిశీలించే చదువు) కింద చెప్పాలనుకుంటున్నాను. ఆ శాస్త్రమంతా ఇంగ్లీషు రచనల కోసం పుట్టిందే కదా అని తోటి అధ్యాపకుల అభ్యంతరం. మీరేమంటారు?
— భీమవరం

మాస్టారూ, నిక్షేపంగా చెప్పండి. వారి మాట ఒకప్పటికి సరైనదే. 1965లో ఇంగ్లండులోని లీడ్స్‌లో మొదలైన ‘జర్నల్ ఆఫ్ కామన్వెల్త్ లిటరేచర్’ (కామన్వెల్త్ అంటే ఎక్కువగా ఒకప్పటి బ్రిటిష్ పాలిత దేశాల కూటమి) దృష్టి ప్రధానంగా ఇంగ్లీషు రచనల మీదే ఉండేది. ‘వరల్డ్ లిటరేచర్ రిటెన్ ఇన్ ఇంగ్లీష్’ అనే పత్రికకైతే ఆ హద్దు పేరులోనే ఉంది. 2005లో అది ‘జర్నల్ ఆఫ్ పోస్ట్‌కలోనియల్ రైటింగ్’ అయింది. లీడ్స్ పత్రిక కూడా ఇటీవల ‘కామన్వెల్త్’ను వదిలి ‘ఎంపైర్’ (సామ్రాజ్యం) అనే మాటను పేరులోకి తెచ్చుకుంది. అందరం ఒకే కుటుంబం అన్న మర్యాద పోయి, ఎవరు ఎవరిని ఏలారన్న ప్రశ్న ముందుకొచ్చింది. ఇది చిన్న మార్పు కాదు.

ఇక పద్యం. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చినప్పుడు ఆయన ప్రసంగాన్ని తెలుగులో వినిపించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు సభలో చదివిన పద్యమిది. దేశం పాడియావు, హిందువులు ఏడ్చే లేగదూడలు, పితుక్కునేది తెల్లవారు. ‘తెల్లవారను గడుసరి గొల్లవారు’ అన్న పాదం వింటూనే నోటికి వచ్చేస్తుంది. దూడ మూతికి చిక్కం కట్టి పాలు పిండుకోవడం పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. మన సంపదను బ్రిటిష్ వాళ్లు తరలించుకుపోవడం మీద ఎంత పెద్ద వ్యాసమైనా ఇంత సూటిగా తగలదు.

పాత పద్ధతిలో ‘దేశభక్తి’ అని రాసి ముగించేవాళ్లం. ఇప్పుడు ఇంకా అడగాలి. దోచుకునేవాడికి పోలికగా ఒక శ్రామిక కులం పేరెందుకు వచ్చింది? లేగదూడలు ‘హిందువులు’ అయితే ముస్లింల మాటేమిటి? ఆ రోజుల్లో ఆ మాటను భారతీయులందరికీ వాడేవారని ఎవరైనా అంటారు. అదీ తరగతిలోనే తేల్చుకోవాలి. కవిని తక్కువ చేయడానికి కాదు, ఇన్ని ప్రశ్నలకు నిలబడగల పద్యం కనుకనే అడుగుతున్నాను.
— రాజమహేంద్రవరం

గురువుగారూ, ఇంకొకటి కలపండి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లతో పండే మన డెల్టాలో, దాన్ని కట్టించిన ఇంగ్లీషు ఇంజనీరు కాటన్ దొర విగ్రహాలకు నేటికీ దండలు పడుతున్నాయి. ఆయనను భగీరథుడని కొలిచే సంస్కృత శ్లోకమూ ఉంది. పితుక్కున్న తెల్లవాడూ, నీళ్లిచ్చిన తెల్లవాడూ ఒకే నేల మీద మనవాళ్ల నోట నిలిచారు. భీమవరం మాస్టారు శ్లోకాన్నీ పద్యాన్నీ ఒకే గంటలో చదివించి, పిల్లలు ఏమన్నారో ఇక్కడ రాయాలి.
— అమలాపురం