పీటేసి పీక కోసుడు: పెట్టినోడి ద్రోహానికి మన దగ్గర మాటేది?

మొన్న ఆదివారం నల్లగొండల మా ఇంట్ల జరిగిన ముచ్చట. అండ్ల ఒక మాట మూడు రోజుల సంది నన్ను వదుల్తలేదు, అందుకే గ్రూపుల పెడుతున్న. గేమ్ ఆఫ్ థ్రోన్స్ అనే ఇంగ్లీషు సీరియల్ ఇంకా చూడనోళ్ళు, చూడాలనుకుంటున్నోళ్ళు ఉంటే ఇక్కడనే ఆగుండ్రి.

మా తమ్ముడు ఇన్నాళ్ళకు ఆ సీరియల్ మొదలుపెట్టిండు. మూడో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ దాకా వచ్చిండు. చూసినోళ్ళకు తెలుసు అది ఏ ఎపిసోడో. 2013 జూన్ 2న అది అమెరికాల మొదటిసారి వచ్చినప్పుడు, ఆ సీరియల్‌కు మూలమైన నవల ముందే చదివినోళ్ళు ఏమీ తెల్వని దోస్తులను టీవీ ముందర కూసోబెట్టి, వాళ్ళ మొఖాలను రికార్డు చేసి యూట్యూబుల పెట్టిన్రు. నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నోళ్ళు, లేచి నిలవడ్డోళ్ళు, బొటబొట ఏడ్చినోళ్ళు. నేను కూడా ఆదివారం టీవీని ఇడిసిపెట్టి తమ్ముని మొఖమే చూసుకుంట కూసున్న. వాని చేతిల సర్వపిండి ముక్క ఉన్నది. నోటి దాకా పోయింది, అక్కడనే ఆగింది. ఎపిసోడ్ అయిపోయి, పాట లేకుంట ఉత్తగ పేర్లు పడుతుంటే కూడా ఆ ముక్క కిందికి దిగలే.

మా మేనత్త పక్కన చాటల చిక్కుడుకాయలు పోసుకొని ఈనెలు తీస్తున్నది. దేవరకొండ దిక్కు ఊరు ఆమెది. ఇంగ్లీషు రాదు గాని బొమ్మను చూసుకుంట కత మొత్తం పట్టుకుంటది. నేను మధ్యమధ్యల రెండు ముక్కలు చెప్పిన. రాబ్ అనే కుర్రరాజు, ఫ్రే అనే ముసలోని బిడ్డల్ల ఒకామెను చేసుకుంటనని మాట ఇచ్చి, ఇంకో పిల్లను చేసుకున్నడు. ఆ తప్పుకు బదులు ఇప్పుడు రాబ్ మేనమామ ఆ ముసలోని బిడ్డను చేసుకుంటున్నడు. రాబు, వాళ్ళమ్మ, భార్య, బలగం అంతా పెండ్లికి వచ్చిన్రు. గడప దాటంగనే ముసలోడు రొట్టె, ఉప్పు పెట్టిచ్చిండు. వాళ్ళ దేశంల అది ఒట్టు లెక్క. ఆ ఉప్పు తిన్నంక ఆ ఇంట్ల వాళ్ళ మీద ఇగ ఎవ్వడూ చెయ్యి ఎత్తొద్దు. పెండ్లయింది, తిన్నరు, తాగిన్రు. అటెన్క తలుపులు మూసిన్రు, పైనుంచి పాట మారింది. రాబును, వాళ్ళమ్మను, భార్యను, వచ్చిన బలగాన్ని అక్కడనే చంపిన్రు.

తమ్మునికి జరసేపటికి మాట వచ్చింది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టిండత్తా ముసలి నా కొడుకు" అన్నడు.

అత్త చిక్కుడుకాయ పట్టుకొనే వాని దిక్కు చూసింది. "వాడు తిన్నోడు కాదు గదరా. పెట్టినోడు" అన్నది. జరంత ఆగి, "పీటేసి పీక కోసిండు" అన్నది.

ఇగ చూడుండ్రి, నాకు అక్కడ తట్టింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టుడు అంటే ద్రోహం చేసేది వచ్చినోడు. గూనపెంకుల ఇండ్లల్ల తిని సాప మీద ఎల్లెలకల పండుకుంటే పైన కనిపించేవి దూలం, వాసాలు. అన్నం పెట్టిన ఇంటి కప్పుల ఎన్ని కట్టెలున్నయి, అమ్మితే ఎంత వస్తది అని లెక్కేసేటోడు వాడు. (తమ్ముడు వాసాలు అంటే నివాసాలు అనుకున్నడట. స్లాబు ఇంట్ల పుట్టినోడు, వాని తప్పు లేదు. వాసం ఎట్లుంటదో అత్తనే చేతులు చాపి చూపెట్టింది.) ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం, అన్నం పెట్టిన చెయ్యి నరుకుడు, మన ఉర్దూల నమక్ హరామ్. ఒక్కొక్కటి పట్టుకొని చూడుండ్రి. అన్నీ తిన్నోన్నే తిడుతున్నయి. పెట్టినోడే చంపితే తిట్టనీకె మనకు సామెత ఏది? మీ ఊర్ల ఏమంటరు?

జవాబు (మిర్యాలగూడ):
అన్నా, "నమ్మించి గొంతు కోసుడు" ఉన్నది కదా. నమ్మకద్రోహం ఉన్నది, వెన్నుపోటు ఉన్నది. ఇన్ని ఉండంగ లేదంటవేంది?

నా మాట:
ఉన్నది తమ్మీ, నేనూ ముందు అదే అనుకున్న. గాని నమ్మించి గొంతుకోసుడు బజార్లనన్న కావచ్చు, చిట్టీల లెక్కల కాడనన్న కావచ్చు. వెన్నుపోటు ఎన్క నుంచి వచ్చేది, ఈడ ముసలోడు ఎదురుంగ కుర్చీల కూసొని చూస్తున్నడు. ఈ మాటలల్ల ఇల్లు లేదు. గడప లేదు, పీట లేదు. ఆ ఎపిసోడ్ చూసినోళ్ళకు కాళ్ళుచేతులు ఆడకుంట చేసింది చావు ఒక్కటే కాదు. ఆ సీరియల్ల చావులు మొదటి సీజన్ నుంచి ఉన్నయి, మొదటి సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ల ఈ రాబ్ తండ్రి తలనే తీసిన్రు. ఈడ పెండ్లి పందిట్ల, విస్తరి ముందర జరిగింది. మన దగ్గర చుట్టం వస్తే ముందు చెంబుతోని కాళ్ళకు నీళ్ళిస్తం. వాళ్ళ రొట్టె, ఉప్పు ఎంతో మనకు ఆ చెంబెడు నీళ్ళు అంత. నీళ్ళిచ్చిన చెయ్యే కత్తి పడితే ఆ మాట వేరే ఉండాలె అనిపిస్తుంది నాకు.

జవాబు (గద్వాల):
సామెత లేకపోతే ఏమాయె, కత ఉన్నది. సంటిపిల్లలకు పాలు పట్టి కడుపు మీద రాసుకుంట "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అంటరు కదా మన ఇండ్లల్ల. ఆ వాతాపి కత పెట్టినోని ద్రోహమే. ఇల్వలుడు బాపనోళ్ళను భోజనానికి పిలుస్తడు. తమ్ముడు వాతాపిని పొట్టేలును చేసి, కోసి, వండి పెడతడు. వాళ్ళు తిన్నంక "వాతాపీ, బయటికి రా" అంటడు. వాడు కడుపులు చీల్చుకొని వస్తడు. అగస్త్యుడు ఒక్కడే తిని అరిగించుకున్నడు.

ఇంకో సంగతి. వాల్మీకి అరణ్యకాండల ఇల్వలుడు బ్రాహ్మణ వేషం వేసుకొని సంస్కృతం మాట్లాడుకుంట పిలుస్తడని ఉన్నది. అంటే వాడు ముందు మార్చింది రూపాన్నీ భాషనూ! ఎదుటోని భాషల పిలిస్తే ఎదుటోడు అనుమానపడడు. భాషా గ్రూపుల ఇది చెప్పకపోతే ఎట్ల.

మా ఆలంపురం నవబ్రహ్మ గుళ్ళు కట్టిన చాళుక్యుల రాజధాని పేరు కూడా వాతాపే, ఇప్పటి బాదామి. అక్కడ గుహల కింద అగస్త్య తీర్థం అని చెరువు ఉన్నది. నేను పోయినప్పుడు గట్టు మీద కూసొని మా అమ్మకు ఫోన్ చేసి చెప్పిన, నువ్వు నా కడుపు మీద రాసిన పేరు ఈ ఊరిదేనే అని.

జవాబు (నాగర్‌కర్నూల్):
మంచి చర్చ. ఒక విషయం చేరుస్తాను. మనం భోజనానికి వాడే రెండు మాటలు చూడండి, విందు, దావత్. విందు అంటే ఇప్పుడు మనకు భోజనమే. కానీ పాత తెలుగులో విందు అంటే అతిథి అని కూడా అర్థం. తమిళంలో విరుందు అన్నా అంతే, అతిథి, ఆ తర్వాత అతిథికి పెట్టే భోజనం. అంటే ముందు మనిషి, తర్వాత అన్నం. దావత్ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది, దాని మొదటి అర్థం పిలుపు. ఇప్పుడు మన పాలమూరులో దావత్ అంటే మటన్, కల్లు గుర్తొస్తాయి గానీ, ఆ మాట లోపల పిలిచినవాడి గొంతు ఉంది. ఒక మాటలో వచ్చినవాడున్నాడు, ఇంకో మాటలో పిలిచినవాడున్నాడు. విందులో చంపడం అంటే ఆ మాటకు పాత అర్థంలో అతిథిని చంపడమే.

ఇల్వలుడికి పూర్తిగా ఎదురుగా నిలబడే కథ కూడా మనకుంది. పాల్కురికి సోమన బసవపురాణంలో సిరియాళుడు, శ్రీనాథుడి హరవిలాసంలో చిరుతొండనంబి. వచ్చిన అతిథి అడిగాడని కన్న కొడుకునే వండి పెట్టినవాడు. చిన్నప్పుడు ఆ కథ విన్న రాత్రి నాకు అన్నం సయించలేదు. ఇప్పటికీ ఆ ఘట్టం చదవాలంటే చేతులు వణుకుతాయి.

జవాబు (సూర్యాపేట):
ఫ్రే ముసలోన్ని ఒక్కన్నే అంటున్నరు. రాబ్ మాట తప్పలేదా? ఆడిన మాట తప్పినోనికి మన దగ్గర మంచి పేరు ఏం లేదు. ఇంకోటి, ఆఖరుకు రాబ్ గుండెల కత్తి దింపింది ముసలోడు కాదు, బోల్టన్. వాడు రాబ్ కింద పనిచేసినోడే. వానికైతే ఉప్పు తిన్న సామెత బరాబర్ సరిపోతది కదా?

నా మాట:
బోల్టన్ సంగతి మీరు చెప్పంగనే తట్టింది, నేను సోంచాయించలే. సరిగ్గ చెప్పిన్రు. రాబ్ తల్లి బోల్టన్ చెయ్యి పట్టుకొని చూస్తది, అంగీ కింద ఇనుప కవచం ఉంటది. పెండ్లికి కవచం ఏసుకొని వచ్చినోడు ముందే తెలిసి వచ్చినట్టు. నాకు ఆ ఎపిసోడ్ మొత్తంల మెడకాయ మీద వెంట్రుకలు లేచింది అక్కడనే. వాడు నమక్ హరామ్, దాంట్ల వాదన లేదు.

మాట తప్పిన సంగతికి మాత్రం ఒప్పుకోను. మాట తప్పితే పంచాయితీ పెట్టు, తప్పు కట్టిచ్చుకో, సంబంధం తెంపుకో, యుద్ధానికి రా. కోపం ఉన్నోడు గడపల నిలవడి "నా ఇంటికి రావొద్దు" అనాలె. రమ్మని పిలిచి ఉప్పు పెట్టినంక ఆ కోపం చెల్లది.

ఈ మూడు రోజులల్ల నాకు దొరికిన ఒక్క సంగతి చెప్పి ఆపుత. ఆ నవల 2000ల వచ్చింది. రాసిన జార్జ్ మార్టిన్, ఈ ఘట్టానికి స్కాట్లాండ్ చరిత్రల రెండు సంగతులు ఆధారం అని చెప్పిండు. ఒకటి 1440ల ఎడిన్‌బరో కోటల జరిగింది. పదేండ్ల పిల్లరాజు ఉన్న కోటకు డగ్లస్ వంశం కుర్ర జమీందారును, వాని తమ్మున్ని భోజనానికి పిలిచి తలలు తీసిన్రు. రెండోది 1692 ఫిబ్రవరి 13న గ్లెన్‌కోల. సైనికులు ఆ లోయల ఇండ్లల్ల పన్నెండు రోజులకు దగ్గర ఉండి, వాళ్ళు పెట్టింది తిని, తెల్లారకముందు లేచి పెట్టినోళ్ళనే చంపిన్రు. ముప్పై ఎనిమిది మంది దాకా పోయిన్రు.

మొదటి దాంట్ల చంపింది పెట్టినోడు. రెండోదాంట్ల తిన్నోడు. గ్లెన్‌కోకు మన వాసాల సామెత అతికినట్టు సరిపోతది, ఎడిన్‌బరోకు సరిపోదు. స్కాట్లాండోళ్ళ చట్టంల మాత్రం రెండిటికీ ఒక్కటే పేరు. నమ్మకం మీద ఉన్నోన్ని చంపుడు అని 1587ల చట్టం చేసి, దాన్ని మామూలు హత్య కంటె పెద్దగ, రాజద్రోహంతోని సమానంగ లెక్కపెట్టిన్రు. వాళ్ళకు చట్టంల పేరున్నది. మనకు సామెతల సగం ఉన్నది, తిన్నోని సగం. పెట్టినోని సగం గద్వాల అన్న చెప్పినట్టు సంటిపిల్ల కడుపు మీద ఉన్నది. అమ్మలు రోజూ అనుకుంటనే ఉన్నరు, అది ద్రోహం కత అని యాది లేకుంట.

అందుకే నాకు అత్త మాట కావాలె. పీటేసి పీక కోసుడు. ఇది పాత సామెతనో, ఆమె నోట్ల అప్పటికప్పుడు పుట్టిందో అని అడిగిన. "ఏమో బిడ్డా, నోటికచ్చింది అన్న" అన్నది. పీట, పీక, రెండు చిన్న మాటలు. పీట ఏసుడుల మర్యాద మొత్తం ఉన్నది, ఎవరినన్న కూసోబెట్టి వడ్డించేటప్పుడు ముందు వేసేది అదే. ఇప్పుడు మన ఇండ్లల్ల డైనింగ్ టేబుళ్ళు వచ్చినయి, పీటలు పెండ్లిళ్ళల్ల, పూజలల్ల కనిపిస్తున్నయి. అయినా అత్త అనంగనే తమ్మునికి అర్థమైంది. వాసం తెల్వని పిలగానికి పీట తెలుసు. మీ దిక్కు ఎవరన్న ఈ మాట విన్నరా, లేకపోతే ఇసొంటిది వేరే ఉన్నదా, పెద్దోళ్ళను అడిగి చెప్పుండ్రి. అచ్చంపేట, కొల్లాపూర్ దిక్కోళ్ళు ముఖ్యంగ.

తాజా: ఈ పొద్దు పొద్దుగాల వంటింట్ల అత్త నన్ను మెల్లగ అడిగింది. "ఆ ముసలోడు ఏమాయెరా?" తమ్ముడు ఇంకా ఆడిదాక రాలే, వానికి వినపడకుంట చెప్పిన. ఆరో సీజన్ ఆఖరు ఎపిసోడ్ల రాబ్ చెల్లె వస్తదత్తా, ఆ ముసలోని కొడుకులను కోసి, వండి, రొట్టెల పెట్టి వానికే తినిపిస్తది అని.

అత్త చెయ్యి ఆగింది. "మరి వానికి అరిగిందా?"

"లేదత్తా. అరగకముందే గొంతు కోసింది."

"మంచిది" అని ఇంకో చిక్కుడుకాయ అందుకున్నది.