సెషన్ లాక్‌ను స్క్రిప్టు ముగియకముందే వదిలేయవచ్చా?

కూకట్‌పల్లి సభ్యుడు: మా పీహెచ్‌పీ (సర్వర్‌లో నడిచే వెబ్ భాష) అప్లికేషన్‌లో రిపోర్టు పేజీ తెరవగానే ఐదారు అజాక్స్ రిక్వెస్టులు (పేజీని మళ్లీ లోడ్ చేయకుండా సర్వర్‌కు వెళ్లే అభ్యర్థనలు) ఒకేసారి బయలుదేరుతాయి గానీ, ఒకదానికి జవాబు వచ్చేదాకా రెండోది కదలదు. సెషన్_స్టార్ట్() పిలిచిన స్క్రిప్టు సెషన్ ఫైలును (లాగిన్ అయిన మనిషి వివరాలను సర్వర్ దాచే ఫైలును) లాక్ చేసి, అంటే మరో రిక్వెస్టు దాన్ని తెరవకుండా ఆపి, తన పని ముగిసేదాకా పట్టుకుని ఉండడమే ఇందుకు కారణం. లాగిన్ వివరాలు చదవగానే సెషన్_రైట్_క్లోజ్() పిలిచి లాక్ వదిలేద్దామని నేనంటే, డేటా దెబ్బతింటుందని మా టీమ్ లీడ్ ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

అమీర్‌పేట సభ్యుడు: ఆయన భయం ఉత్తది కాదు. పీహెచ్‌పీ సెషన్‌ను మొత్తంగా చదివి మొత్తంగానే తిరిగి రాస్తుంది కాబట్టి, లాక్ లేకపోతే ఒకేసారి చదువుకున్న రెండు రిక్వెస్టుల్లో చివర రాసినది మొదటిదాని మార్పును తుడిచేస్తుంది. పైగా, క్లోజ్ చేశాక ఎవరైనా తెలియక సెషన్ వేరియబుల్‌కు కొత్త విలువ ఇస్తే, అది ఆ స్క్రిప్టులో కనిపిస్తుంది, తర్వాతి రిక్వెస్టుకు ఉండదు; ఎర్రర్ కూడా రాదు. అలాంటి బగ్‌ను వెతకడం ఎంత నరకమో చెప్పనక్కర్లేదు.

మాదాపూర్ సభ్యురాలు: ఆ ప్రమాదం సెషన్‌లో రాసే పేజీలకే గానీ, కేవలం చదివే రిపోర్టులకు లేదు. వాటి కోసమే పీహెచ్‌పీ 7 నుంచి, సెషన్‌ను చదివిన వెంటనే లాక్ వదిలేసే రీడ్_అండ్_క్లోజ్ ఆప్షన్ ఉంది. అసలు లాక్‌ను ఇంతగా నమ్ముకోవడమే నాకు నచ్చడం లేదు. సెషన్ ఐడీని మోసే కుకీ బ్రౌజర్ మొత్తానికి ఒక్కటే, ట్యాబుకొకటి కాదు. బిల్లింగ్ చేసే ఉద్యోగి ఒక ట్యాబులో ఉప్పల్ శాఖను, ఆ తర్వాత మరో ట్యాబులో మెహదీపట్నం శాఖను తెరిచారనుకోండి. శాఖ నంబరును సెషన్‌లో దాచి ఉంటే, మొదటి ట్యాబుకు తిరిగొచ్చి సేవ్ నొక్కగానే ఉప్పల్ బిల్లు మెహదీపట్నం ఖాతాలో పడుతుంది. లాక్ తన పని తాను సక్రమంగానే చేసింది మరి! శాఖ నంబరు యూఆర్‌ఎల్‌లోనో, ఫారంలో కంటికి కనబడని హిడెన్ ఫీల్డులోనో ఉండాలి.

అమీర్‌పేట సభ్యుడు: హిడెన్ ఫీల్డును ఎవరైనా మార్చి పంపగలరు కదండీ?

మాదాపూర్ సభ్యురాలు: పంపనివ్వండి. లాగిన్ అయినది ఎవరో సెషన్ చెబుతుంది. ఆ మనిషికి ఆ శాఖపై హక్కుందో లేదో ప్రతి రిక్వెస్టులోనూ సర్వర్ చూసుకోవాలి. మరొక్క మాట: రేపు సర్వర్లు పెరిగి, పీహెచ్‌పీరెడిస్ అనే పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్ సాయంతో సెషన్లను రెడిస్ అనే డేటా స్టోరులోకి మారిస్తే, అందులో సెషన్ లాకింగ్ డిఫాల్టుగా ఆఫ్‌లోనే ఉంటుంది.

అమీర్‌పేట సభ్యుడు: అయితే మార్చిన రోజునే దాన్ని ఆన్ చేయాలి. రిపోర్టులకు రీడ్_అండ్_క్లోజ్ పెట్టుకోండి, కాదనను. రాసే పేజీల్లో మాత్రం లాక్ వదలమంటే నేను ఒప్పుకోను.